బల్లారట్: బంగారం, జెండా, రెండు ఓడలు

శనివారం, విలియమ్స్‌టౌన్

బల్లారట్ చూడాలనుకునేవాళ్లు మామూలుగా మెల్‌బోర్న్‌లో రైలెక్కి గంటన్నరలో నేరుగా అక్కడ దిగిపోతారు. ఒక రోజు చేతిలో ఉంటే ముందు విలియమ్స్‌టౌన్ రేవుకి వెళ్లడం మంచిది. బల్లారట్ సముద్రం మొహం చూడని ఊరు. ఉన్న నీళ్లల్లా ఒక చెరువు. అయినా ఆస్ట్రేలియా నౌకాదళంలో ఆ ఊరి పేరు మోసిన యుద్ధనౌకలు రెండున్నాయి. రెండింటినీ కట్టింది విలియమ్స్‌టౌన్ డాక్‌యార్డులోనే, అరవై ఏళ్ల తేడాతో.

మొదటి హెచ్‌ఎంఏఎస్ (ఆస్ట్రేలియా నౌకాదళపు ఓడల పేరు ముందుండే గుర్తు) బల్లారట్ 1940 డిసెంబరు 10న నీళ్లలో దిగింది, 1941 ఆగస్టు 30న విధుల్లో చేరింది. దాని గుర్తు నంబరు జె184. యుద్ధం అయిపోయాక 1947లో తుక్కు కింద అమ్మేశారు కాబట్టి ఇప్పుడు దాన్ని చూడలేం. కానీ అదే యార్డులో, అదే నమూనాతో కట్టిన హెచ్‌ఎంఏఎస్ కాసిల్‌మెయిన్ జెమ్ పియర్ దగ్గర మ్యూజియంగా తేలుతోంది. కాసిల్‌మెయిన్ కూడా బంగారం ఊరే, బల్లారట్‌కి ఉత్తరాన ఉంటుంది. ఓడ తెరిచి ఉండేది ముఖ్యంగా శని, ఆదివారాల్లో. టికెట్టు పది డాలర్ల ప్రాంతం. లోపల చూపించేవాళ్లంతా వాలంటీర్లు, ఎక్కువమంది రిటైరైన పెద్దవాళ్లు. ఒక ప్రశ్న అడిగితే ఇరవై నిమిషాలు చెబుతారు. మధ్యలో ఆపడం మర్యాద కాదు, ఆపబుద్ధీ కాదు.

బాతర్స్ట్ తరగతి కార్వెట్లు అనే ఈ చిన్న యుద్ధనౌకలు 57 మీటర్ల పొడవుంటాయి, వెడల్పు తొమ్మిదిన్నర మీటర్లు, వేగం 15 నాట్లు. కాగితం మీద వీటిని మైన్‌స్వీపర్లు (సముద్రంలో మందుపాతరలు ఏరేసే ఓడలు) అన్నారు గానీ కాన్వాయ్‌లకు కాపలా, జలాంతర్గాముల వేట, సైనికుల్ని మోయడం, ఏ పని పడితే అది చేశాయి. మొత్తం 60 కట్టారు, ఆస్ట్రేలియా ఊళ్ల పేర్లు పెట్టారు. అందులో నాలుగు మాత్రం అప్పటి రాయల్ ఇండియన్ నేవీకి వచ్చాయి. వాటి పేర్లు బెంగాల్, బొంబాయి, మద్రాస్, పంజాబ్. కోస్తా, సీమ జిల్లాలన్నీ మద్రాసు రాష్ట్రంలో ఉన్న కాలం అది. 1942 నవంబరు 11న హెచ్‌ఎంఐఎస్ బెంగాల్, ఒండినా అనే డచ్చి ట్యాంకరు కలిసి హిందూ మహాసముద్రంలో తమకంటే ఎన్నో రెట్లు పెద్దవైన రెండు జపాను ఓడల్ని ఎదుర్కొన్నాయి. వాటిలో హొకొకు మారు మునిగిపోయింది. కాసిల్‌మెయిన్ డెక్కు మీద ఆ ముందున్న చిన్న ఫిరంగి పక్కన నిలబడితే, ఇంత ఓడతో ఆ పని ఎలా చేశారో అర్థం కాదు.

నిచ్చెన దిగి ఇంజను గదిలోకి వెళ్లాలి. టర్బైన్లు తయారుచేసే వీలు దేశంలో తక్కువ కాబట్టి ఈ ఓడలకు పాతకాలపు ట్రిపుల్ ఎక్స్‌పాన్షన్ ఆవిరి ఇంజన్లు పెట్టారు, ఒక్కో ఓడకి రెండు. ఒకే ఆవిరి వరసగా మూడు సిలిండర్లలో పనిచేస్తుంది. చిన్నదాంట్లో ఎక్కువ ఒత్తిడితో, మధ్యదాంట్లో కాస్త తక్కువతో, పెద్దదాంట్లో చివరి బలం దాకా. రైలింజన్ల వర్క్‌షాపుల్లో పనిచేసినవాళ్లకి తెలిసిన యంత్రం ఇది, అందుకే ఇన్ని ఓడలు ఇన్ని యార్డుల్లో త్వరగా తయారయ్యాయి. బేరింగులు వేడెక్కుతున్నాయో లేదో చూడడానికి మీటరేమీ లేదు. కడ్డీ పైకీ కిందికీ ఊగుతుంటే ఆయిలర్ దాని లయ పట్టుకుని, అది తన వైపు వచ్చిన క్షణంలో అరచేత్తో తాకి చెయ్యి వెనక్కి తీసుకునేవాడు. లయ తప్పితే వేళ్లు పోతాయి. సముద్రం అల్లకల్లోలంగా ఉన్నప్పుడు కూడా ఇదే పని.

మెస్ డెక్కులో తల వంచే నడవాలి. ఎనభై మందికి పైగా ఉండేవాళ్లు, తిన్న బల్లల మీదే ఊయల మంచాలు కట్టుకుని పడుకునేవాళ్లు. ఈ ఓడకి ఒక చేదు జ్ఞాపకం ఉంది. 1942 నవంబరు చివర్లో కాసిల్‌మెయిన్, ఆర్మిడేల్ అనే జంట కార్వెట్లు తిమోరు నుంచి మనుషుల్ని తేవడానికి వెళ్లాయి. కాసిల్‌మెయిన్ అప్పటికే ఎక్కినవాళ్లతో డార్విన్‌కి తిరిగింది. అక్కడే ఉండిపోయిన ఆర్మిడేల్‌ని డిసెంబరు 1న జపాను విమానాలు ముంచేశాయి, 149 మందిలో 100 మంది పోయారు. గాయపడి కూడా తుపాకీ వదలకుండా ఓడతోపాటు మునిగిన టెడ్డీ షీన్‌కి 2020లో గాని అత్యున్నత సాహస పతకమైన విక్టోరియా క్రాస్ రాలేదు.

బల్లారట్ మాత్రం బతికింది. 1942 మొదట్లో సింగపూర్, జావా సముద్రాల్లో తిరిగింది. అదే ఏడు డిసెంబరులో బ్రూమ్, కోలాక్ అనే తోటి కార్వెట్లతో కలిసి 2/9 బెటాలియన్ సైనికుల్ని న్యూగినీలో బునా వైపు చేర్చింది. 1945 సెప్టెంబరు 2న జపాను లొంగుబాటు పత్రం మీద సంతకాలవుతుంటే టోక్యో అఖాతంలో లంగరేసి ఉంది.

ఒడ్డున నెల్సన్ ప్లేస్ వీధిలో ఫిష్ అండ్ చిప్స్ షాపులున్నాయి, ఒక మనిషికి 15 నుంచి 20 డాలర్లు. బోర్డు మీద ‘ఫ్లేక్’ అని ఉంటే అది చిన్న సొర చేప, ముల్లు ఉండదు. శాకాహారులకు పొటాటో కేక్ ఉంది గానీ చేప వేగిన మూకుట్లోనే వేగుతుంది. కొన్ని పాత షాపుల్లో వాడేది నూనె కూడా కాదు, గొడ్డు కొవ్వు. అడిగితే నిజం చెబుతారు, అడక్కపోతే చెప్పరు. పొట్లం విప్పేటప్పుడు గోడకి వీపు పెట్టి కూర్చోండి, సీగల్ పక్షులు చేతిలోంచే ఎత్తుకుపోతాయి.

సాయంత్రం పాయింట్ గెల్లిబ్రాండ్ దాకా నడిస్తే నల్లరాతి టైమ్‌బాల్ టవర్ కనిపిస్తుంది. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకి దీని మీంచి ఒక బంతి జారేది, ఓడలవాళ్లు గడియారాలు సరిచేసుకునేవాళ్లు. ఎదురుగా ఉన్న హాబ్సన్స్ బే 1852 నాటికి దిక్కులేని ఓడలతో నిండిపోయింది. బంగారం కబురు వినగానే నావికులు లంగరేసిన ఓడలు వదిలేసి లోపలికి నడిచారు, కొన్నిటికి కెప్టెన్లు కూడా మిగల్లేదు.

ఆదివారం, సావరిన్ హిల్

విక్టోరియా రాష్ట్రం అంతటా ప్రాంతీయ రైళ్లకు ఇప్పుడు రోజువారీ చార్జీకి పైహద్దు ఉంది, సుమారు 11 డాలర్లు. శని ఆదివారాల్లో ఇంకా తక్కువ. మైకీ అనే ప్రయాణ కార్డు బల్లారట్ దాకా పనిచేస్తుంది. మెల్‌బోర్న్ శివార్లలో టార్నీట్, పాయింట్ కుక్ వైపు ఉండే తెలుగువాళ్లు ఎక్కువగా కార్లలో వెళ్లివస్తారు, కానీ కారులో వెళ్తే సాయంత్రం నాలుగుకి తిరుగుముఖం పట్టాలన్న తొందరే సగం ఊరిని తినేస్తుంది. ఊరు సముద్రమట్టానికి 400 మీటర్ల పైన ఉంటుంది. మెల్‌బోర్న్‌లో టీషర్టుతో సరిపోయిన రోజున కూడా ఇక్కడ స్వెట్టరు కావాలి.

స్టేషన్ నుంచి సావరిన్ హిల్ రెండు కిలోమీటర్లు. దారి తప్పేది ఇక్కడే. స్టేషన్‌కి పడమటి వైపు స్టర్ట్ వీధి గీత గీసినట్టు ఉంటుంది, సర్వేయరు విలియం అర్కహార్ట్ కొలిచి వేసిన ఊరు అది. తూర్పు వైపు మెయిన్ రోడ్డు వంకర్లు తిరుగుతుంది. గుంతలకీ డేరాలకీ మధ్య తవ్వకందార్లు నడిచిన బాటే తరవాత రోడ్డయింది. ఈ రెండు సగాలూ 1921 దాకా వేరువేరు మునిసిపాలిటీలు. దిక్కు చూసుకుని తూర్పున అడ్డదారి పట్టామో, ఆ అడ్డదారి మళ్లీ మెయిన్ రోడ్డు మీదకే తెచ్చి పడేస్తుంది. వంకరగా ఉన్నా మెయిన్ రోడ్డు వదలకుండా నడవడమే దగ్గర.

సావరిన్ హిల్ 1970 నవంబరులో తెరిచిన ఆరుబయట మ్యూజియం, 1850ల నాటి ఊరిని మళ్లీ కట్టారు. పెద్దలకి టికెట్టు 50 డాలర్లకు అటూఇటుగా ఉంటుంది. ఖరీదే, కానీ పొద్దున తెరవగానే వెళ్తే సాయంత్రం దాకా సరిపోతుంది. స్కూలు సెలవులు కాని రోజుల్లో సోమవారం మూసి ఉండొచ్చు, వెళ్లేముందు చూసుకోవాలి.

అందరూ ముందు వాగు దగ్గరికే పరిగెత్తుతారు. రెడ్ హిల్ గల్లీ అనే ఆ వాగులో పళ్లేలు, పారలు పెట్టి ఉంటాయి, మట్టిలో నిజం బంగారం రేణువులుంటాయి. బియ్యం గాలించి రాళ్లు తీయడం వచ్చినవాళ్లకి ఈ పని సగం వచ్చినట్టే, తేడా ఏంటంటే ఇక్కడ అడుగున మిగిలేదే మనకి కావాలి. పళ్లెంలో సగానికి మించకుండా కంకర తీసుకోవాలి. నీళ్లలో పూర్తిగా ముంచి, ముందు బంకమట్టి ముద్దల్ని వేళ్లతో చిదిపి కరిగించాలి. చాలామంది ఈ పని చెయ్యరు, ఆ ముద్దలకి అంటుకునే బంగారం కొట్టుకుపోతుంది. తరవాత పెద్ద రాళ్లు కడిగి అవతల పారేసి, పళ్లేన్ని నీళ్లలోనే అటూ ఇటూ గట్టిగా కుదపాలి. గుండ్రంగా తిప్పడం కాదు, కుదపడమే. బంగారం సాంద్రత 19.3, క్వార్ట్‌జ్ రాయిది 2.65. కుదిపితే బరువైంది దానంతటదే కిందికి చేరుతుంది. గాడులున్న అంచు అవతలి వైపు ఉండేలా పళ్లేన్ని వంచి, పైపొర మాత్రమే నీళ్లతో తోసెయ్యాలి. మళ్లీ మట్టంగా పట్టుకుని కుదపాలి, మళ్లీ వంచాలి. ఏడెనిమిది సార్లయ్యాక చెంచాడు నల్ల ఇసుక మిగులుతుంది. అప్పుడు కొద్దిగా నీళ్లు పోసి, మెల్లగా ఒక్క చుట్టు తిప్పితే ఇసుక తోకలా పరుచుకుంటుంది, దాని మొదట్లో పసుపు చుక్క ఉంటే ఉంటుంది. వేలు తడిపి దాని మీద అద్ది, నీళ్లున్న చిన్న సీసా మూతి దగ్గర ముంచితే రేణువు అడుగుకి జారుతుంది. చేతికి సన్‌స్క్రీనో, చిప్స్ జిడ్డో ఉంటే రేణువు నీటి మీద తేలిపోతుంది. తినకముందే గాలించండి.

ఈ వాగు బంగారం ఆట మాత్రమే. 1851 ఆగస్టులో పావర్టీ పాయింట్ దగ్గర జాన్ డన్‌లప్, జేమ్స్ రీగన్‌లకి దొరికింది ఇలాంటి పైపై బంగారమే, అది త్వరగానే అయిపోయింది. బల్లారట్‌ని బల్లారట్ చేసింది లోతు బంగారం. లక్షల ఏళ్ల కిందటి నదుల అడుగున చేరిన బంగారాన్ని ఆ తరవాత మట్టి, అగ్నిపర్వతాల లావా కప్పేశాయి. దాన్ని అందుకోవాలంటే వంద అడుగులు, అంతకు మించి బావి తవ్వాలి. ఊట నీళ్లు, జారే ఇసుక. చెక్క పలకలతో గోడలు బిగించుకుంటూ, గిలక మీద బకెట్లతో రాత్రింబవళ్లు నీళ్లు తోడుతూ, ఎనిమిది పది మంది జట్టుగా నెలల తరబడి తవ్వేవాళ్లు. పాత నది పక్కకి తిరిగిందంటే అడుగున ఖాళీ. ఈ లెక్క ఒంటికి పట్టించుకుంటేగాని రేపు చూడబోయే జెండా అర్థం కాదు.

రెడ్ హిల్ గనిలో వెల్‌కమ్ నగెట్ కథ చూపిస్తారు. 1858 జూన్ 9న బేకరీ హిల్ కింద దొరికిన 69 కిలోల ముద్ద అది. కనుక్కున్నది కార్న్‌వాల్ నుంచి వచ్చిన గనివాళ్ల జట్టు. అదే కార్న్‌వాల్ వాళ్లు తరవాత కోలారు గనులకీ వచ్చారు, అక్కడ చిత్తూరు వైపు నుంచి వెళ్లిన తెలుగు కూలీలు కూడా పనిచేశారు. బంగారం పోతపోసే ప్రదర్శన తప్పక చూడాలి. 3 కిలోల బంగారాన్ని 1,064 డిగ్రీలు దాటించి కరిగించి అచ్చులో పోస్తారు. పోసేటప్పుడు బంగారం నీళ్లలా జారుతుంది, రంగు పసుపు కాదు, నారింజ.

బేకరీలో మీట్ పై ఏడు డాలర్ల చుట్టూ ఉంటుంది, చెప్పకపోతే అది గొడ్డుమాంసమే. పేస్టీలో మాంసంతోపాటు బంగాళదుంప, ఉల్లిపాయ, స్వీడ్ దుంప ఉంటాయి. కూరగాయల పేస్టీ అడిగితే ఇస్తారు, మధ్యాహ్నం రెండుకల్లా అయిపోతుంది. మిఠాయి కొట్లో రాస్‌బెర్రీ డ్రాప్స్ వేడివేడిగా తుంచి చేతిలో పెడతారు, అవి ఉచితం. ఊళ్లోని కాఫీ షాపుల్లో ఆదివారం, పండగ రోజుల్లో బిల్లు మీద పది పదిహేను శాతం అదనంగా వేస్తారు, బోర్డు మీద చిన్నక్షరాల్లో రాసి ఉంటుంది. మూడింటికి వంటింట్లు మూసేస్తారు. అయిదింటికి ఆకలేస్తే సూపర్‌మార్కెట్టే గతి.

సోమవారం, యురేకా

1854లో తవ్వకందార్లు చేసిన యురేకా తిరుగుబాటు మ్యూజియమే యురేకా సెంటర్. అది స్టేషన్‌కి తూర్పున మూడు కిలోమీటర్ల దూరంలో స్టావెల్ వీధిలో ఉంది. టికెట్టు పది డాలర్లలోపే. బస్సు దిగేటప్పుడు అందరూ డ్రైవరుకి థాంక్స్ చెబుతారు. బడిపిల్లలు కూడా. మనమూ చెప్పాలి.

నిన్నటి బావి లెక్క ఇక్కడ పనికొస్తుంది. తవ్వకం లైసెన్సు ఫీజు మొదట్లో నెలకి 30 షిల్లింగులు, 1853 చివర్లో ఒక పౌండుకి తగ్గించారు. బంగారం దొరికినా దొరక్కపోయినా కట్టాలి. పైపైన దొరికే చోట అది భరించగలిగేదే. ఆరేడు నెలలు చుక్క బంగారం చూడకుండా బావిలో దిగేవాడికి అది ఉరితాడు. 1854లో గవర్నరు హోథమ్ వారానికి రెండుసార్లు లైసెన్సులు తనిఖీ చెయ్యమన్నాడు. పోలీసులు కనపడగానే ‘జో! జో!’ అని ఒక గుంత నుంచి ఇంకో గుంతకి కేకలు వెళ్లేవి. అడుగున బురదలో ఉన్నవాడు పని ఆపి, వందడుగులు పైకెక్కి కాగితం చూపించాలి. జేబులో లేకపోతే జరిమానా. జైలు చాలక దుంగలకి గొలుసులతో కట్టేసేవాళ్లు.

అక్టోబరులో జేమ్స్ స్కోబీ అనే తవ్వకందారు హత్య, నిందితుడైన హోటలు యజమాని బెంట్లీని మొదట వదిలెయ్యడం, జనం ఆ హోటల్ని తగలబెట్టడం వరసగా జరిగాయి. నవంబరు 29న బేకరీ హిల్ మీద వేలమంది చేరి లైసెన్సులు కాల్చారు. మర్నాడు పీటర్ లేలర్ నాయకత్వంలో, సదరన్ క్రాస్ (దక్షిణాకాశపు నక్షత్రాల గుర్తున్న తమ జెండా) సాక్షిగా మన హక్కుల్ని కాపాడుకుంటామని ప్రమాణం చేశారు. చెక్కలూ బళ్లూ అడ్డంపెట్టి దడి కట్టారు. డిసెంబరు 3, ఆదివారం తెల్లవారకముందే సైనికులు, పోలీసులు మీదపడ్డారు. శనివారం రాత్రి చాలామంది ఇళ్లకెళ్లిపోవడంతో లోపల నూటయాభై మందికి మించి లేరు. పావుగంటలో అయిపోయింది. కనీసం 22 మంది తవ్వకందార్లు చనిపోయారు, లేలర్ ఎడమ చెయ్యి పోయింది. రాజద్రోహం కింద విచారించిన 13 మందినీ మెల్‌బోర్న్ జ్యూరీలు వదిలేశాయి. 1855లో లైసెన్సు తీసేసి ఏడాదికి ఒక పౌండు ‘మైనర్స్ రైట్’ పెట్టారు, దాంతో ఓటు కూడా వచ్చింది. అదే ఏడు లేలర్ శాసనసభలో కూర్చున్నాడు.

అయితే బల్లారట్ గర్వపడే ఈ కథలో చీనావాళ్లు లేరు. అదే 1855లో విక్టోరియాలో దిగే ప్రతి చీనా మనిషి మీద పది పౌండ్ల పన్ను వేశారు. తప్పించుకోవడానికి వాళ్లు దక్షిణ ఆస్ట్రేలియాలో రోబ్ రేవులో దిగి, వందల కిలోమీటర్లు నడిచి బంగారం ఊళ్లకి చేరేవాళ్లు. హక్కుల కోసం తుపాకీ పట్టిన ఊరు ఈ పన్ను విషయంలో నోరు మెదపలేదు. మ్యూజియాలు ఈ సంగతి ఇప్పుడు చెబుతున్నాయి, ఇంకొంచెం ముందుగా, ఇంకొంచెం పెద్ద అక్షరాలతో చెప్పొచ్చు.

జెండా ఉన్న గదిలో వెలుతురు చాలా తక్కువ. కళ్లు అలవాటుపడడానికి రెండు నిమిషాలు కూర్చోవాలి. నీలం ఉన్ని బట్ట మీద తెల్లటి శిలువ, ఎనిమిదేసి కొనలున్న అయిదు నక్షత్రాలు. అనుకున్నదానికన్నా చాలా పెద్దది, నాలుగు మీటర్ల పొడవు. అంచులు లేవు. జాన్ కింగ్ అనే పోలీసు దీన్ని కిందికి లాగి తీసుకెళ్లాడు. జ్ఞాపకం కోసం జనం ముక్కలు కత్తిరించుకున్నారు. 1895లో కింగ్ కుటుంబం ఊరి ఆర్ట్ గ్యాలరీకి అప్పగించింది. కుట్లు దగ్గర్నుంచి చూస్తే చేత్తో, శ్రద్ధగా కుట్టినవని తెలుస్తుంది. దడి సరిగ్గా ఎక్కడ ఉండేదో మాత్రం చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు, సెంటరు కట్టిన చోటు ఒక అంచనా.

రెండో హెచ్‌ఎంఏఎస్ బల్లారట్ నినాదం ‘జెండాను కాపాడు’. ఈ గదిలోంచి బయటికొచ్చాక ఆ మాట వింటే గుర్తొచ్చే జెండా ఇంకోటి కాదు. బ్రిటిష్ రాణి సైనికులు తుపాకులతో దించిన జెండా ఇది. ఆ రాజ్యపు నౌకాదళమే తరవాత ఈ నినాదం పెట్టుకోవడంలోని ఎకసెక్కం నౌకాదళానికి తెలిసే ఉంటుంది.

ఈ ఫ్రిగేటు (కార్వెట్ కంటే పెద్ద యుద్ధనౌక) 2002 మే 25న జలప్రవేశం చేసి, 2004 జూన్ 26న విధుల్లో చేరింది. నంబరు 155. 118 మీటర్లు, 3,600 టన్నులు, 127 మిల్లీమీటర్ల ఫిరంగి. కార్వెట్‌కి రెట్టింపు కంటే కాస్త ఎక్కువ పొడవు. మామూలు ప్రయాణానికి రెండు డీజిల్ ఇంజన్లు, వేగం కావలసినప్పుడు ఒక గ్యాస్ టర్బైను. మనవాళ్లకి ఈ ఓడ మరీ కొత్తదేం కాదు. 2020 నవంబరు 3 నుంచి 6 దాకా విశాఖపట్నం తీరం దగ్గర జరిగిన మలబార్ విన్యాసాల్లో ఇండియా, అమెరికా, జపాన్ నౌకలతోపాటు ఆస్ట్రేలియా తరపున వచ్చింది ఇదే. 2007 తరవాత ఆస్ట్రేలియా మలబార్‌లో పాల్గొనడం అదే మొదలు. కోవిడ్ కాలం కాబట్టి మనిషికి మనిషి తగలకుండా అంతా సముద్రం మీదే నడిపించారు.

మంగళవారం, చెరువు గట్టు

పొద్దున లిడియార్డ్ వీధి ఒక చివర నుంచి ఇంకో చివరకి నడిస్తే చాలు. గని వాటాలు అమ్మిన 1888 నాటి మైనింగ్ ఎక్స్ఛేంజి, 1875 నాటి హర్ మెజెస్టీస్ థియేటరు, ఆర్ట్ గ్యాలరీ అన్నీ వరసగా ఉన్నాయి. బంగారం డబ్బు రాయిగా మారిన వీధి. స్టర్ట్ వీధి మధ్య తోటలో లేలర్ విగ్రహం, టైటానిక్ వాద్యగాళ్ల స్మారకం ఉన్నాయి. సముద్రం లేని ఊరికి సముద్రం మీద ఇంత మమకారమేంటో.

వెండూరీ చెరువు చుట్టూ ఆరు కిలోమీటర్ల బాట. 1956 ఒలింపిక్స్ పడవ పందేలు ఇక్కడే జరిగాయి. చలిగాలి నేరుగా చెవుల్లోకి కొడుతుంది, హంసలు దారి ఇవ్వవు, మనమే పక్కకి తప్పుకోవాలి. బొటానికల్ గార్డెన్స్‌లో యుద్ధఖైదీల స్మారకం ఉంది. 130 మీటర్ల నల్లరాతి గోడ, 35 వేలకు పైగా పేర్లు. జావా, సుమత్రా సముద్రాల్లో మొదటి బల్లారట్ ఓడ తప్పించుకున్న వారాల్లోనే పట్టుబడ్డ నావికుల పేర్లు కూడా వాటిలో ఉన్నాయి. పేర్లు యుద్ధాల వారీగా, అక్షరక్రమంలో ఉంటాయి. హోదాలు వెయ్యలేదు, అది బాగుంది.

మధ్యాహ్నం స్టర్ట్ వీధిలో వెనిలా స్లైస్ తినాలంటే పన్నెండులోపు వెళ్లాలి. ఫోర్కుతో నొక్కితే క్రీము పక్కలకి వచ్చేస్తుంది, పక్కకి తిప్పి కోయమని బేకరీవాళ్లే చెబుతారు. ఫ్రిగేటుని చూడాలనుకునేవాళ్లు బల్లారట్‌లోనూ విలియమ్స్‌టౌన్‌లోనూ వెతక్కండి. దాని స్థావరం పెర్త్ దక్షిణాన గార్డెన్ ఐలండ్‌లో ఉంది, అక్కడికి బయటివాళ్లని రానివ్వరు. ఏ రేవులోనైనా ప్రజలకి ఓడ చూపించే రోజు నౌకాదళం ప్రకటిస్తే ఫొటో గుర్తింపు కార్డు, మడమలేని బూట్లు వేసుకుని వెళ్లాలి. నిచ్చెనలు నిటారుగా ఉంటాయి.